అంజమ్మకు నొప్పి సున్నా

ముప్పై అయిదేండ్లకే

రిటైరయినోళ్లు రాసుకున్న అనుభవాలల్ల మొదటి పేజీల శాలువా కప్పుకున్న ఫోటో ఉంటది. నాకు శాలువా ఎవరు కప్పలేదు. నడుముకు బెల్టు కట్టిన్రు. తుంటి, మోకాలు మార్పిచ్చుకున్నోళ్లను మంచం మీదికెళ్లి లేపి, నడిపిచ్చి, మెట్లెక్కిచ్చే పని నాది. కాయిదాల మీద ఫిజియోథెరపిస్టు అంటరు, ఊర్లల్ల కసరత్తు సారు అంటరు. రాష్ట్రం వచ్చిన ఏడాది నల్గొండల కొలువుల చేరిన. పదకొండేండ్లు మందిని లేపంగ లేపంగ నా నడుముల డిస్కు జారింది. నడుం నొప్పులు తగ్గిచ్చేటోనికే నడుం నొప్పి వచ్చిందంటే నల్గొండల నవ్వనోళ్లు లేరు. నేను గూడ నవ్విన. నవ్వితే నొప్పి లేసింది, ఆపిన.

ఇప్పుడు మా ఇంటామె నడిపే పుస్తకాల దుకాణంల ఎత్తు కుర్చీ మీద కూసుంటున్న. నోటుబుక్కు కొనవచ్చినోళ్లు మోకాలు చూపిచ్చి పోతరు. అట్ల వచ్చినోళ్లల్ల ఇదే కోర్సు చదివి కొత్తగ కొలువుకు పోతున్న పిల్లలు ఇద్దరు, "అన్నా, మాకేమన్న చెప్పరాదే" అన్నరు. ప్రమోషన్ల ముచ్చట చెప్పనీకి నాకు ఒక్కటి రాలేదు. అందుకే ఒక మనిషి ముచ్చట చెప్త. అండ్ల నా తప్పే ఎక్కువ ఉన్నది, కాబట్టి అది నిజమని నమ్మొచ్చు.

మొదలు పని సంగతి. మన పని కీళ్లను కదిలిచ్చుడు అని కాలేజిల చెప్తరు. కీళ్లు కదులుతయి, వాటికి అబద్ధం చెప్పరాదు. కష్టమంత కీళ్లు ఉన్న మనుషులతోని. నొప్పి ఉన్నోళ్లు లేదంటరు. లేనోళ్లు, కోడలు ఇంట్ల ఉన్నంత సేపు, ఉన్నదంటరు.

పదిల ఎంత?

నొప్పిని కొలువనీకి మనకొక పద్ధతి నేర్పిన్రు. సున్నా అంటే లేదు, పది అంటే ఓర్వరానంత. రోగి ఒక అంకె చెప్తడు, మనం రాసుకుంటం. చూస్తే మస్తు సులువు. నల్గొండ, పాలమూరు జిల్లాలల్ల దీన్ని నడిపిచ్చి చూడున్రి.

కల్వకుర్తిల ఒక రిటైర్డు లెక్కల సారు ఉండె. తుంటి ఆపరేషనయి మూడో దినం. మంచం పట్టె పట్టుకోని పండ్లు కొరుకుతున్నడు, చెమటకు బనీను తడిసింది.

"సార్, నొప్పికి పదిల ఎన్ని మార్కులు?"

"నాలుగు."

"నాలుగేనా సార్?"

"నా సర్వీసుల మొదటి పరీక్షకు ఎవ్వనికి నాలుగు దాటియ్యలే."

నాగర్‌కర్నూల్ దిక్కు ఒక రైతు అంకె చెప్పడు, బేరం చేస్తడు. పదిల ఎంతంటే "నువ్వెంత అనుకుంటున్నవ్?" అన్నడు. ఆరు అన్న. "ఆరుకు రాదు" అన్నడు. ఎనిమిది అన్న. కొద్దిసేపు ఆలోచన చేసి "నీ ముఖం చూసి ఎనిమిదికి ఒప్పుకుంటున్న" అన్నడు. చదువు రానోళ్ల కోసం నవ్వే ముఖం కాడికెళ్లి ఏడ్చే ముఖం దాక బొమ్మలున్న ఒక కాయిదం గూడ ఇస్తరు. అది ఒక ముసలామెకు చూపిచ్చి మీ నొప్పి ఏ బొమ్మ లెక్క ఉన్నదమ్మా అంటే, నాలుగో బొమ్మ మీద వేలు పెట్టి "గిది అచ్చం మా ఆడిబిడ్డ" అన్నది. అది నొప్పికి సంబంధిచ్చిన జవాబేనో కాదో ఇప్పటికి నాకు సమజ్ కాలేదు.

నా మొదటి కొలువుల ఇద్దరు పెద్దోళ్లు ఉండె. ఒకరు ఆపరేషన్లు చేసే పెద్ద సారు. ఆయన చేతికి మొక్కాలె, నోటికి మాత్రం ఒక్కటే మాట వచ్చు: "మామూలే." నొప్పి లేస్తుంది సార్ అంటే మామూలే, తగ్గింది సార్ అంటే మామూలే. రెండో ఆమె మా మేడం. మా డిపార్టుమెంటుకు పెద్ద, పాలమూరు మనిషి. కోపమొచ్చినా పెద్దగ ఒర్రది, కండ్లద్దాలు తీసి తుడుస్తది, అంతే, మనకు చెమట పడుతది. ఆమె మొదటి దినమే చెప్పింది: "నొప్పి ఎంతని ఒక్కపాలి అడుగు, రాసుకో, మర్చిపో. తర్వాత అసలు అడిగేటియి అడుగు. నిద్ర పట్టిందా? గోలీ ఎప్పుడేసుకున్నవ్? పొద్దుగాల సంది ఏమేం చేసినవ్?"

తల ఊపిన. కొత్తోళ్లం గద, తల ఊపుడు మంచిగ వచ్చు.

గుంత పక్కన మంచం

నా కొలువుల ఆఖరి ఏడాది ముచ్చట ఇది. అంజమ్మది చండూరు దిక్కు ఒక నేత ఊరు. అరవై దాటింది. తుంటి బొక్క అరిగి రెండేండ్లు గోడ పట్టుకోని తిరిగింది. ఆఖరికి హైదరాబాద్ల ఒక దవాఖానల తుంటి మార్పిచ్చుకోని ఇంటికొచ్చింది. భర్త పోయి నాలుగేండ్లయింది. కొడుకు శ్రీను నల్గొండల ఒక కాలేజిల క్లర్కు, రోజు బండి మీద పోయొస్తడు. కోడలు కవిత ఇంట్లనే ఉంటది. ముందటి అర్రల సగం జాగల అంజమ్మ మంచం, సగం జాగల ఆమె మగ్గం. గుంత మగ్గం అది. నేల మీద గుంత అంచుకు కూసోని, కాళ్లు గుంతలకు ఇడిచి, కింద చెక్కలు తొక్కుకుంట నెయ్యాలె.

ఇంటికొచ్చి కసరత్తు చేపియ్యమని శ్రీను అడిగితే, నేను మొదటిసారి పోయింది ఒక సోమవారం పొద్దుగాల.

"పెద్దమ్మా, నొప్పి ఎట్లున్నది?"

"ఏం నొప్పి?"

"ఆపరేషన్ నొప్పి."

"ఆపరేషన్ డాక్టరు చేసిండు గద. నొప్పి ఆయనకుండాలె."

"పదిల ఎంతనుకోవచ్చు?"

"సున్నా."

"సున్నా అంటే బొత్తిగ లేనట్టు."

"ఎరుకనే. చీరెల పోగులు లెక్కబెట్టేదాన్ని, నాకు సున్నా తెల్వదా?"

రాసుకున్న: నొప్పి, సున్నా. నా పదకొండేండ్లల్ల రాసిన అంకెలల్ల అంత అందమైన అంకె లేదు.

అప్పుడే శ్రీను వచ్చి మగ్గం దిక్కు చెయ్యి చూపిచ్చిండు. "సారూ, అమ్మకు ఇంటికొచ్చిన నాడే చెప్పిన, వచ్చే సోమవారం మేస్త్రి వస్తుండు. శనివారం కొలత తీసుకుంటడు. గీ గుంత పూడిపిచ్చి బండలేపిస్త. అమ్మ నడువనీకి జాగా అయితది. ఇగ ఆమె మగ్గం మీద కూసునేది లేదు గద?"

నేను పుస్తకంల ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పిన. "కింద కూసునుడు బంద్. కాలు మీద కాలేసుడు బంద్. ముందటికి వంగుడు బంద్. గుంతల దిగుడు అసలే బంద్." ఆ మనిషి నా ముందట పండుకోనే ఉన్నది. నేను ఆమె ఇంట్ల సామాను గురించి మాట్లాడినట్టు ఆమె బతుకు గురించి మాట్లాడిన.

అంజమ్మ కొడుకును ఒక్కటే అడిగింది. "నొప్పి లేకుంట నడిస్తె గూడ పూడుస్తవా?"

"నువ్వు నొప్పి లేకుంట మునుపటి లెక్క తిరుగు, అప్పుడు చూద్దాం తియ్యమ్మా."

పెద్దోళ్లను సముదాయిచ్చే మాట అది. మనం రోజుకు నాలుగు అంటం. అంజమ్మ మాత్రం దాన్ని స్టాంపు కాయిదం మీద సంతకం చేసిన మాట లెక్క పట్టుకున్నది. మడిమ జరుపుడు పదిసార్లు చెయ్యమంటే ఇరవైసార్లు చేసింది. మస్తు హుషారు మనిషి అనుకున్న. హుషారు కాదు అది, కేసు నడిపిస్తుంది.

మంగళవారం, బుధవారం ఆమెను మించిన పేషెంటు జిల్లాల లేదు. వాకర్ పట్టుకోని, కొడుకు బండి కిక్కు కొట్టే టైముకు సరిగ్గ లేసి, ఆయన చూస్తుండంగ వాకిలి దాక నడిచేది. నేను వీడియో తీసిన. నల్గొండల ఆపరేషనయి మూలుగుతున్న ఇంకిద్దరికి చూపిచ్చి, "చూడున్రి, అరవై దాటిన మనిషి, నొప్పి సున్నా, మీరేంది గిట్ల" అని సిగ్గు తీసిన. గొప్పగ మేడంకు గూడ ఫోన్ చేసి చెప్పిన.

"వారం దినాలకు సున్నా అన్నదా?" అన్నది మేడం.

"అవును మేడం."

"అయితే ఫికర్ చెయ్యి."

పెద్దోళ్లకు చిన్నోళ్ల గొప్ప ఓర్వరాదు అనుకోని ఫోన్ పెట్టేసిన.

చూడవచ్చినోళ్లు

ఆపరేషనయిన ఇంటికి చుట్టాలు చూడవచ్చుడు మన కాడ తప్పదు. చేతుల బ్రెడ్డు, యాపిలు పండ్లు, నోట్ల ఒక కథ ఉంటది. ఆ కథల వాళ్ల మేనత్త ఆడిబిడ్డకు గిదే ఆపరేషన్ అయి ఉంటది, లోపలేసిన ఇనుము తుప్పు పట్టి ఉంటది. ఒకరు ఆముదం రాయమంటరు, ఒకరు వేడి ఇటుకతోని కాపడం పెట్టమంటరు. పోతపోత అందరు ఒకపాలి ఆ కాలును పిసికి చూస్తరు, అంగట్ల సొరకాయ చూసినట్టు. కుట్ల మీద చెయ్యి పెట్టనియ్యకున్రి. సిగ్గుపడకుంట చెప్పున్రి. చుట్టాలకు కోపమొస్తే రానియ్యున్రి, కోపానికి చీము పట్టదు.

గురువారం మాపటి పూట ఆలేరు నుంచి కవిత వాళ్లమ్మ, అంటే అంజమ్మకు వియ్యపురాలు, వచ్చింది. ఆ ఇంట్ల అంజమ్మ కూసోనీకి పనికొచ్చే కుర్చీ ఒక్కటే. కాళ్ల కింద ఇటుకలు పెట్టి నేనే ఎత్తు చేపిచ్చిన. తుంటి కంటె మోకాలు కిందనే ఉండాలె, తక్కువ ఎత్తుల కూసోవద్దని ఆ కుర్చీ. ఇప్పుడు ఇంకోసారి ఆలోచన చెయ్యున్రి: ఇంటికి వియ్యపురాలు వస్తే తాను సింహాసనం మీద కూసోని, ఆమెను కింద చాప మీద కూసోమంటదా అంజమ్మ? వాకర్ పట్టుకోని లేసింది. కుర్చీ ఆమెకిచ్చింది. తాను పీట మీద కూసున్నది. జానెడు ఎత్తు పీట. గంటన్నర.

"నొప్పేమన్న ఉన్నదా వదినె?" అని అడిగిందట వియ్యపురాలు.

"అబ్బే, కూసున్న గద, కనిపిస్తలేదా?"

నాకు ఈ సంగతి కవిత తెల్లారి చెప్పింది. ఏది చెయ్యాలె, ఏది వద్దు అని నేను రోజు రాసిచ్చే కాయిదాలల్ల "వియ్యపురాలు వచ్చినప్పుడు" అని ఒక లైను లేదు. ఉండాలె. మీరు రాసుకోన్రి.

ఉల్లిగడ్డ

శుక్రవారం పోయేసరికి అంజమ్మ మంచం మీద కదులుతలేదు. కాలు లేపమంటే వేలెడు లేవలేదు. పిక్క ఉబ్బింది. కండ్లల్ల నీళ్లు.

"పెద్దమ్మా, పదిల ఎంత?"

"సున్నా."

"మరి కండ్లల్ల గా నీళ్లేంది?"

"ఉల్లిగడ్డ. కవిత కోస్తుంది."

వంటింట్లకెళ్లి కవిత ఒర్రింది: "ఇయ్యాల బీరకాయ పప్పు అత్తమ్మా, ఉల్లిగడ్డ ముట్టనే లేదు!"

నవ్వొచ్చింది. పీట ముచ్చట విన్నంక నాకు బుగులు పట్టింది. ఇండ్ల తమాష లేదు, జర గట్టిగ వినున్రి: పిక్క ఉబ్బి, వేడిగ ఉండి, ముట్టుకుంటే నొప్పి లేస్తే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. కాలు పొట్టిగనో పక్కకు తిరిగినట్టో కనిపిస్తే కీలు జారి ఉండొచ్చు. ఊపిరాడకుంటే అసలే ఆగొద్దు. అప్పుడు మనం కసరత్తు సార్లం కాదు, బండి మాట్లాడేటోళ్లం, అంతే. నేరుగ దవాఖానకు.

నల్గొండకు తోల్కపోయినం. పెద్ద సారు ఎక్స్‌రే తీపిచ్చిండు, పిక్కకు స్కానింగు చేపిచ్చిండు. కీలు దాని జాగల అది ఉన్నది. గడ్డ లేదు. "కండరాలు బిగుసుకున్నయి. మామూలే" అన్నడు. ఆ మాటను నేను ప్రేమిచ్చింది ఆ ఒక్క దినమే.

తర్వాత కండ్లద్దాల మీదికెళ్లి చూసి అడిగిండు. "నొప్పి గోలీలు ఏసుకుంటుందా?"

"నేనే చేతుల పెడుతున్న సార్, మూడు పూటలు" అన్నది కవిత.

"అయితే ఇంత బిగుసుకునుడెందుకు?"

శ్రీను నా దిక్కు చూసిండు. నేను ఎక్స్‌రే దిక్కు చూసిన. అంజమ్మ పండుకోని, కప్పుకున్న ఫ్యాను రెక్కలు లెక్కబెట్టింది.

మేస్త్రి దిగిండు

శనివారం నేను ఇంట్ల ఉండంగనే మల్లయ్య మేస్త్రి కొలత తీసుకోనీకి వచ్చిండు. అంజమ్మ గోడ దిక్కు తిరిగి పండుకున్నది. మేస్త్రి టేపు పట్టుకోని గుంతల దిగిండు, వంగిండు, కొద్దిసేపు లేవలేదు.

"శ్రీనూ, గిండ్ల మందుల దుకాణం పెట్టినవా?"

రెండు చేతులు దగ్గరబెట్టి లేసిండు. చేతుల నిండ తెల్ల గోలీలు, మట్టి అంటుకున్నయి. కవిత పేపరు పరిచి లెక్కబెట్టింది. పందొమ్మిది. ఇచ్చినయి ఇరవై ఒకటి. తక్కువ పడ్డ రెండు ఎలుకలు తిన్నట్టున్నయి. వాటికి ఇప్పుడు కీళ్ల నొప్పులు ఉండయి.

సంగతేందంటే, కవిత గోలీ చేతుల పెట్టి నీళ్లకు పోయేది. ఆమె వచ్చే లోపల గోలీ గుంతల పడేది. అంజమ్మ బాజాప్త నీళ్లు తాగి గ్లాసిచ్చేది. రక్తం గడ్డ కట్టకుంట ఇచ్చిన చిన్న గోలీ మాత్రం ఒక్క పూట తప్పలేదు. దవాఖానల ఏది దేనికో అడిగి తెలుసుకున్నది. పడేసింది ఒక్క నొప్పి గోలీలనే.

"ఎందుకమ్మా?" అన్నడు శ్రీను.

"నొప్పి గోలీ ఏసుకుంటే నొప్పి ఉన్నట్టే గద. నొప్పి ఉన్నదంటే గుంత పూడుస్తవు."

"గుంత కోసం కాలు పోగొట్టుకుంటవా?"

"కాలు కొత్తది ఏసిన్రు. గుంత కొత్తది తెస్తవా? అండ్ల నలభై ఏండ్లు కాళ్లు పెట్టుకోని కూసున్న. నిన్ను ఒళ్లెకెళ్లి దించంగనే గా గుంత అంచుకే కూసోబెట్టిన. నన్ను అడిగినవా? మేస్త్రిని అడిగినవ్, గీ కసరత్తు సారును అడిగినవ్. నన్ను అడిగినవా?"

కవిత కొంగు కండ్లకు పెట్టుకున్నది. అర్రంత గంభీరంగ అయింది. గుంతలకెళ్లి మల్లయ్య మేస్త్రి అన్నడు: "నేను బయటికి రావాల్నా, ఇండ్లనే ఉండాల్నా?"

నేను వాకిట్లకు పోయి మేడంకు ఫోన్ చేసిన. అంత చెప్పిన, వీడియో తీసి తిప్పిన సంగతి గూడ. ఆమె తిట్టలేదు. కండ్లద్దాలు తుడుస్తున్న సప్పుడు వినిపిచ్చినట్టే అనిపిచ్చింది. "నొప్పి ఎంతని అడిగినవ్ సరే. నొప్పి ఉన్నదంటే ఆమెకు ఏం పోతదో అడిగినవా?"

లోపలికొచ్చి మంచం పక్కన కూసున్న. "పెద్దమ్మా, తప్పు నాది."

"నీదేముంది బిడ్డా. సున్నా అన్నప్పుడల్ల నీ ముఖం పెండ్లికొడుకు లెక్క వెలిగేది. మల్ల వేరే అంకె చెప్పబుద్ధి కాలే."

ఆ మాట రోడ్డు మీద బండి నడుపుకుంట గూడ గుర్తొస్తది. అప్పుడు స్పీడు తగ్గిస్త.

మూలుగనియ్యున్రి

శ్రీనును పక్కకు పిలిచి చెప్పిన. ఆమె నొప్పి కాలుల ఉన్నది గని, ఆ నొప్పిని బయటికి రానియ్యకుంట పట్టుకున్నది గీ గుంత. ముందు గుంత సంగతి తెంపు. శ్రీను మంచి కొడుకు. మంచి కొడుకులతోని ఉన్న చిక్కే అది, అన్ని వాళ్లే ఆలోచన చేస్తరు. పోయి తల్లి ముందట నిలవడ్డడు.

"నొప్పి ఉన్నదన్నందుకు గుంత పూడ్వనమ్మా. పూడ్చేది, ఉంచేది నువ్వే చెప్పాలె."

"మేస్త్రి వినంగ చెప్పు."

మేస్త్రి వినంగ చెప్పిండు. మేస్త్రి గుంతల నిలవడే తల ఊపిండు. అంత లోతుల నిలవడి సాక్ష్యం చెప్పిన మనిషిని నేను మల్ల చూడలేదు.

అప్పుడు అంజమ్మ పొడుగ్గ ఊపిరి ఇడిచి, "ఎనిమిది" అన్నది. ఆగి, "ఎనిమిదిన్నర" అన్నది. తర్వాత మూలిగింది. వారం దినాలు దాచుకున్న మూలుగులన్ని ఒక్కపాలి బయటికొచ్చినయి. మూడిండ్ల అవుతలికెళ్లి ఒకామె ఏమయిందో చూడవచ్చింది, బ్రెడ్డు లేకుంట.

ఇగ పని మొదలయింది. కసరత్తుకు అరగంట ముందు గోలీ. నొప్పి లేసినంక ఏసుకుంటే నొప్పి ముందట పరుగెత్తుతది, గోలీ వెనుక ఉరుకుతది. చాన మంది గోలీ ఏసుకోకుంట ఓర్చుకునుడు మొగతనం అనుకుంటరు. ఓర్చుకున్నోళ్లు కదలరు. కదలకుంటే కండరం బిగుస్తది. బిగిస్తే ఇంకింత నొప్పి. కిడ్నీలు పోతయని భయపెట్టేటోళ్లు వీధికొకరు ఉంటరు. డాక్టరు రాసినన్ని దినాలు, రాసినంత ఏసుకుంటే సరి. సొంతంగ పెంచుడు వద్దు, సొంతంగ గుంతలేసుడు వద్దు.

కసరత్తు అయినంక ఇరవై నిమిషాలు చల్లటి కాపడం. ఐసు సంచి లేకుంటే కవిత పాల పాకిట్లు గడ్డ కట్టిచ్చి తువ్వాలల చుట్టి పెట్టింది. ఆ వారమంత ఆ ఇంట్ల చాయ ఏ టైముకు వస్తదో ఎవ్వరికి తెల్వదు, పాలు పేషెంటు మీద ఉండేటియి. పండుకున్నప్పుడు తల కింద పెట్టుకునే మెత్త ఒకటి కాళ్ల నడుమ. కసరత్తు చేసినంక నొప్పి జర లేసి గంటల సల్లబడితే మంచిదే, రేపు అంతే చెయ్యాలె. తెల్లారేదాక ఉంటే మనం ఎక్కువ చేపిచ్చినం, తగ్గియ్యాలె. అంజమ్మకు ఆ లెక్క నాకంటె జల్ది వచ్చింది.

సున్నా అన్నప్పుడు వాకిలి దాక నడిచిన మనిషి, గోలీలేసుకున్న నాలుగో దినానికి, ఆరు అనుకుంటనే వీధి మలుపు దాక పోయొచ్చింది. నేను వీడియో తియ్యలేదు.

నా సొంత అభిప్రాయం చెప్త, మీ సార్లు ఒప్పుకోకపోవచ్చు. నొప్పి లేదన్న పేషెంటును మెచ్చుకోకున్రి. ఉన్నదన్నోళ్లను తక్కువ చెయ్యకున్రి. ఒకరి వీడియో ఇంకొకరికి చూపియ్యకున్రి. మన ముఖం చూసే వాళ్లు జవాబు చెప్తరు. రోగం కంటె ముందు మన ముఖం అదుపుల పెట్టుకోవాలె. నాకు పదకొండేండ్లల్ల అది సగమే వచ్చింది.

మేస్త్రి మాట

రెండు వారాలయినంక మల్లయ్య మేస్త్రి మల్ల వచ్చిండు, పని ఉన్నదా లేదా తేల్చుకోనీకి. ఇంట్ల అందరం కూసున్నం. అంజమ్మ ఎత్తు కుర్చీ మీద, మేము కింద. ఇగ నువ్వొచ్చినా మా అత్త ఆ కుర్చీల నుంచి లేవదని కవితనే వాళ్లమ్మకు ఫోన్ చేసి చెప్పింది.

గుంతల దిగి లేసుడు ఆ తుంటికి కాదని నేను మల్ల చెప్పాల్సి వచ్చింది. ఈసారి ఆమె ముఖం చూసి చెప్పిన. ఆమె తల ఊపింది. "నాకు ఎరుక బిడ్డా. మొన్న పీట మీదికెళ్లి లేసినప్పుడే ఎరుకయింది. దిగరాదు." గెలిచిన కేసు తానే వదులుకున్నట్టు కూసున్నది.

అప్పుడు మేస్త్రి గొంతు సవరిచ్చుకున్నడు. "గీ ఊర్ల మస్తు గుంతలు పూడ్చిన. కొందరు మగ్గం ఊడదీసి అటక మీదేసిన్రు. ఇద్దరు ముగ్గురు మాత్రం ఇటుకలతోని దిమ్మెలు కట్టిపిచ్చి మగ్గాన్నే పైకి లేపిపిచ్చుకున్నరు. బల్ల మీద కూసోని నేస్తరు. కాళ్లు గుంతల కాదు, నేల మీదనే."

శ్రీను నోరు తెరిచిండు. "గీ మాట ముందు చెప్పొద్దా మల్లన్నా?"

"నన్ను పూడ్వమన్నరు గని అడుగలేదు గద."

ఆ ఇంట్ల ఎవ్వరు ఎవ్వరిని అడుగలేదు. నేను అందరికంటె ఎక్కువ ప్రశ్నలు అడిగే కొలువుల ఉండి, అందరికంటె తక్కువ అడిగిన.

పెద్ద సారును అడిగిన. మూడు నెలలు ఆగాలె, బల్ల మోకాలి కంటె ఎత్తుండాలె, అరగంటకొకసారి లేసి తిరుగాలె, ఎక్స్‌రే మంచిగ ఉండాలె అన్నడు. "నెయ్యొచ్చా సార్?" అంటే, "మామూలే" అన్నడు.

గుంత పూడ్చేటప్పుడు అంజమ్మ వాకర్ పట్టుకోని పక్కనే నిలవడ్డది. మొదటి తట్ట మట్టి పొయ్యమని తానే చెప్పింది. తర్వాత దిమ్మెలు కట్టిన్రు, బల్ల ఎత్తు ఆమె మోకాలు కొలిచి పెట్టిన్రు. శ్రీను నునుపు బండ ఏపిస్తనన్నడు. "బండ జారుతది, చెక్క ఎయ్యి" అన్నది. చెక్క ఏసిన్రు. ఊర్ల శ్రీను "గుంత పూడిపిచ్చిన" అని చెప్పుకుంటడు. అంజమ్మ "మగ్గం లేపిపిచ్చిన" అని చెప్పుకుంటది. ఇద్దరు ఒక్కటే పని గురించి చెప్తున్నరని వినేటోళ్లకు తెల్వదు.

నాలుగో నెలల నేను ఆఖరిసారి పోయిన. అప్పటికే నా నడుముకు బెల్టు పడ్డది. ఆమె బల్ల మీద కూసోని నేస్తుంది. వంటింట్ల కవిత ఫోన్ల అరగంట అలారం పెట్టింది, అది మోగితే అత్తను లేపాలె, అత్త "గీ వరుస కానియ్యి" అంటది, కవిత దారం తెంపుతనంటది, అప్పుడు లేస్తది. అన్ని చూసుకున్న. కాలు మంచిగ ఉన్నది. నాతోని పని లేదు. మన కొలువుల అంతకంటె మంచి దినం ఉండదు.

నేను పోదామని లేవంగ పక్కింటామె లోపలికొచ్చింది. గడప దాటంగనే కొంగు నోటికి అడ్డం పెట్టుకోని, మగ్గం ముందట నిలవడి, సావు ఇంటికొచ్చినట్టు ముఖం పెట్టి అడిగింది.

"అయ్యో అంజక్కా, ఆపరేషనయిన కాలుతోని మగ్గమెక్కినవా? నొప్పి లేదా?"

అంజమ్మ చేతులు ఆపలేదు.

"ఉన్నది. పొద్దుగాల జర ఎక్కువ, మాపటికి తక్కువ. జరుగు, వెలుతురుకు అడ్డమున్నవ్."